ముసవ్విర్ జంగ్ రాజా దీన్ దయాళ్: కదలని పులి, కదిలే ఏనుగు

మన హైదరాబాదు నగరాన్ని కవులు కీర్తించారు, చరిత్రకారులు వర్ణించారు. ఆ నగరపు ముఖాన్ని ఉన్నది ఉన్నట్టుగా గాజుపలకపై నిలిపి మనకు అప్పగించి వెళ్లినవారిలో ప్రథమగణ్యుడు రాజా దీన్ దయాళ్. ఆయన హైదరాబాదులో పుట్టినవాడు కాడు, తెలుగువాడు అంతకన్నా కాడు. అయినా ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నాటి హైదరాబాదును తలచుకున్నప్పుడు మన కన్నుల ముందు మెదిలే దృశ్యాలలో అధికభాగం ఆయన కెమెరా చూసినవే.

ఆయన జీవితాన్ని గురించి వ్రాయాలన్న సంకల్పం మాకు ఒక విద్యార్థిని వల్ల కలిగింది. పంజాగుట్టలోని మా కళాశాలలో చరిత్ర శాఖవారు, ఉర్దూ, తెలుగు శాఖలవారు కలిసి పాత హైదరాబాదు చిత్రాల ప్రదర్శన ఒకటి ఏర్పాటు చేశారు. అందులో దీన్ దయాళ్ తీసిన వేట చిత్రాల ప్రతులు రెండు మూడు ఉన్నాయి. పలమనేరు ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ చదువుకుంటున్న ఒక అమ్మాయి వాటి ముందు చాలాసేపు నిలబడింది. తరువాత తన ఫోనులోని ఒక చిత్రాన్ని మాకు చూపింది. సెలవుల్లో వాళ్ల మామూ టమాటా తోట అంచున, సంజవేళ తీసిన అడవి ఏనుగుల చిత్రమది. నల్లని మసక ఆకారాలు నాలుగు. ఏది తలో, ఏది వీపో చెప్పడం కష్టం. నూట ఇరవై ఏళ్లనాటి చిత్రంలో పులి మీసం కూడా లెక్కపెట్టవచ్చునే, ఈనాటి ఫోనులో ఏనుగంత ఏనుగు ఎందుకు అలికినట్టుంది సార్ అని ఆమె ప్రశ్న. వచ్చే సెలవుల్లో ఇంకా దగ్గరకు వెళ్లి స్పష్టంగా తీస్తానని కూడా అన్నది. ఆమె ప్రశ్న మాకు నచ్చింది. ఆ చివరి మాట మాత్రం మమ్మల్ని కలవరపెట్టింది.

దీన్ దయాళ్ 1844లో మీరట్ సమీపాన సర్ధనాలో ఒక జైన కుటుంబంలో జన్మించారు. బేగం సమ్రూ కోట, ఆమె కట్టించిన చర్చి వల్ల పేరుపొందిన ఊరు అది. ఆయన రూర్కీలోని థామసన్ సివిల్ ఇంజనీరింగ్ కళాశాలలో సాంకేతిక శిక్షణ పొంది, 1866లో ఇండోరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో చేరారు. కట్టడాలకు అంచనాలు వేయడం, నక్షాలు గీయడం ఆయన ఉద్యోగం. మా కళాశాలకు కూతవేటు దూరంలో, ఎర్రమంజిల్ గుట్ట మీద నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించిన భవనంలో ఆ తరువాతి కాలంలో రోడ్లు, భవనాల శాఖ కార్యాలయం నడిచిందని మన విద్యార్థులలో కొందరికైనా తెలుసు. దీన్ దయాళ్ అటువంటి కార్యాలయంలోనే ఏళ్ల తరబడి కూర్చుని కొలతలు, కోణాలు చూసిన మనిషి. ఆయన చిత్రాలలో స్తంభాలు నిటారుగా నిలబడటం, గోడలు ఒరిగిపోకపోవడం కాకతాళీయమని మేము అనుకోము.

1874 ప్రాంతంలో ఆయన ఛాయాచిత్రకళ నేర్వసాగారు. ఇండోరు మహారాజు రెండవ తుకోజీరావు హోల్కర్, మధ్యభారతంలో గవర్నర్ జనరల్ ప్రతినిధిగా ఉన్న సర్ హెన్రీ డేలీ ఆయనకు అండగా నిలిచారు. 1875–76లో వేల్స్ యువరాజు భారతదేశ పర్యటనకు వచ్చినప్పుడు ఆ సందర్భాన్ని చిత్రించే అవకాశం కూడా లభించింది. ఒక చిరుద్యోగి సరదాగా పట్టిన విద్య రెండేళ్లలో రాజదర్శనం దాకా తీసుకువెళ్లింది.

ఆ రోజుల్లో బొమ్మ తీయడమంటే ఏమిటో ఈనాటి విద్యార్థులు ఊహించుకోవడం కష్టం. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రవేశపెట్టిన తడిపలక పద్ధతి అప్పటికి వాడుకలో ఉండేది. గాజుపలకపై కొలోడియన్ అనే జిగురుద్రవాన్ని సమంగా పరచి, చీకటి గుడారంలో వెండి లవణపు ద్రావణంలో ముంచి, అది తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, బొమ్మ తీసి, వెంటనే మళ్లీ గుడారంలోకి పరుగెత్తి కడగాలి. మన ఎండలో ఆ తడి ఎంతసేపు నిలుస్తుంది? రసాయనాల సీసాలు, గుడారం, గాజుపలకల పెట్టెలు, ముక్కాలిపీట, నీళ్లకుండలు అన్నీ బండి మీద వెంట రావాలి. ఇన్ని చేసినా పలక మీద వెలుతురు కొన్ని క్షణాలపాటు పడితే తప్ప బొమ్మ ఏర్పడదు. ఆ క్షణాలలో కదిలినది ఏదైనా మసకబారుతుంది, బాగా కదిలినది అసలే కనబడకుండా పోతుంది. ఆనాటి నగర వీథుల చిత్రాలు కొన్ని నిర్జనంగా కనబడటానికి కారణం ఇదే. జనం లేక కాదు, జనం నిలబడక.

కనుక ఛాయాగ్రాహకునికి ఉత్తమ మిత్రులు కట్టడాలు. 1882లో డేలీ స్థానంలో ఉన్న సర్ లెపెల్ గ్రిఫిన్ వెంట దీన్ దయాళ్ బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిరిగి కోటలను, దేవాలయాలను చిత్రించారు. ఆ చిత్రాలతో మధ్యభారతపు ప్రసిద్ధ కట్టడాలపై గ్రిఫిన్ గ్రంథం 1886లో వెలువడింది. కదలని వస్తువు ముందు తొందరపడని మనిషి నిలబడితే ఏమి వస్తుందో ఆ చిత్రాలు నిరూపించాయి.

ఈలోగా పద్ధతి మారింది. రిచర్డ్ లీచ్ మాడక్స్ 1871లో సూచించిన జెలటిన్ పొడిపలక 1880ల నాటికి బజారులో దొరకసాగింది. ముందుగానే తయారైన పలక, తరువాత తీరికగా కడుక్కోవచ్చు. అన్నిటికన్నా మించి, వెలుతురు బాగా ఉంటే సెకనులో చిన్న భాగం చాలు. దీన్ దయాళ్ ఈ కొత్త పద్ధతిని అందిపుచ్చుకున్నవారిలో ఉన్నారు. సరిగ్గా ఆ కాలంలోనే ఆయన ప్రభుత్వోద్యోగాన్ని వదలి దక్కనుకు వచ్చారు. 1884లో పూర్తి అధికారాలు చేపట్టిన యువ నిజాం మహబూబ్ అలీ పాషా ఆయనను ఆదరించారు. సికింద్రాబాదులో స్టూడియో వెలసింది. 1894లో నిజాం ఆయనకు రాజా బహద్దూర్ ముసవ్విర్ జంగ్ అనే బిరుదు ప్రసాదించారు. తస్వీరు తీసేవాడు ముసవ్విర్. జంగ్ అనేది యుద్ధవాచకం. సేనానులకు ఇచ్చే పదాన్ని బొమ్మలు తీసే జైన గృహస్థు పేరుకు చేర్చిన దర్బారు మన హైదరాబాదు దర్బారు. ఆయన్ని గురువులకు గురువుగా మెచ్చుకుంటూ నిజాం స్వయంగా ఉర్దూలో ఒక షేరు చెప్పారని ప్రసిద్ధి.

ఆయన పనితీరును కొంచెం వివరించక తప్పదు, ఎందుకంటే మా విద్యార్థిని ప్రశ్నకు సగం సమాధానం అందులోనే ఉన్నది. పెద్ద కెమెరాలో పలకలు పన్నెండు, పదిహేను అంగుళాల కొలత దాకా ఉండేవి. నల్లగుడ్డ కప్పుకుని వెనుకనున్న మసక గాజుపై చూస్తే బొమ్మ తలకిందులుగా కనబడుతుంది. దానిని భూతద్దంతో పరిశీలిస్తూ కటకాన్ని ముందుకు వెనుకకు జరిపి, ముఖ్యమైన చోట గీత గీసినట్టు స్పష్టత వచ్చేవరకు సరిచూసుకోవాలి. తరువాత కటకపు ద్వారాన్ని చిన్నది చేస్తే ముందు వరుసలోని నవాబుగారి కత్తిపిడి, వెనుక వరుసలోని సిపాయి తలపాగా రెండూ స్పష్టంగా వస్తాయి. కాని ద్వారం చిన్నదైతే వెలుతురు తగ్గుతుంది, వెలుతురు తగ్గితే ఎక్కువసేపు కదలకుండా ఉండాలి. ఈ మూడింటి బేరమే ఛాయాచిత్రకళ. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఇక ముద్రణ. గాజుపలకను కాగితానికి ఆనించి ఎండలో పెట్టేవారు. పలక ఎంత ఉంటే బొమ్మ అంతే. ఏమాత్రం పెంచడం లేదు కనుక ఏమాత్రం చెదరడమూ లేదు. గోరంత పలకమీద పడిన బొమ్మను గోడంత చేసి చూసే మనకు ఆ స్పష్టత వింతగా తోచడం సహజమే.

1892లో దీన్ దయాళ్ హైదరాబాదులో ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచారు. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు నిస్సంకోచంగా వచ్చి బొమ్మ తీయించుకునేటందుకు ఏర్పాటైన ఆ స్టూడియో నిర్వహణ ఒక ఆంగ్ల మహిళ చేతిలో ఉండేది. గదులకు ఎత్తయిన గోడలు. బొమ్మ తీసేదీ స్త్రీయే. అంతవరకు తమ తల్లుల, నానమ్మల ముఖాలు ఎలా ఉండేవో తరువాతి తరానికి తెలిసే మార్గం లేని ఇళ్లలోకి ఆ గోడల మధ్య నుంచి తస్వీరులు వెళ్లాయి. దర్బారు చిత్రాలకన్నా ఈ పనినే మేము గొప్పదిగా భావిస్తాము. వేటకు సంబంధించిన వ్యాసంలో దీని ప్రసక్తి ఏల అని కమిటీవారు అడగవచ్చు. ఎదుటివారు ఎక్కడ బెదరకుండా ఉంటారో అక్కడికే కెమెరాను తీసుకుపోవాలని గ్రహించిన మనిషి ఆయన. ఆ గ్రహింపు అడవికి కూడా వర్తిస్తుంది. అడవి విషయంలో ఆ అవకాశం ఆయనకు రాలేదు.

ఇక వేట సంగతి. మహబూబ్ అలీ పాషాకు పులివేట అంటే ప్రాణం. ముప్పై పులులకు పైగా కొట్టారని, తీస్ మార్ ఖాన్ అనే పేరును ఆయనకు అన్వయించి చెప్పుకునేవారు నేటికీ పాతబస్తీలో ఉన్నారు. దొరలు, విదేశీ రాజవంశీయులు వచ్చినప్పుడు వేట ఏర్పాటు చేయడం ఆనాటి రాజమర్యాద. పులి ఉన్నదని తెలిసిన అడవిలో ఎర కట్టేవారు. చుట్టుపక్కల గ్రామాల జనం డప్పులు, కేకలతో అడవిని ఒక వైపునుంచి కదిలించుకుంటూ వచ్చేవారు. ఆ సద్దుకు జడిసి పులి మంచెపై కూర్చున్న అతిథి తుపాకి ముందుకు వచ్చేది. లేదా ఏనుగుల వరుస దానిని చుట్టుముట్టేది. పని ముగిశాక ముసవ్విర్ జంగ్ గారి కెమెరాకు పిలుపు వచ్చేది.

అలా తీసిన చిత్రాలలో రెండింటిని మన విద్యార్థులు చూసే ఉంటారు. ఒకటి 1893లో హైదరాబాదు వచ్చిన ఆస్ట్రియా రాజవంశీయుడు ఆర్చిడ్యూక్ ఫ్రాంజ్ ఫెర్డినాండ్ చంపిన పులితో దిగినది. ఇరవై యొక్క సంవత్సరాల తరువాత సరయేవోలో ఆ యువరాజునే ఒకరు కాల్చి చంపారు, దానితో మొదటి ప్రపంచయుద్ధం మొదలయింది. రెండవది 1902 ఏప్రిల్‌లో వరంగల్లు ప్రాంతపు నెక్కొండ శిబిరంలో వైస్రాయి లార్డ్ కర్జన్, ఆయన భార్య నిలబడి ఉండగా ముందు పులి పడి ఉన్న చిత్రం. ఏప్రిల్ మాసంలో నెక్కొండ ఎండను ఎరిగినవారికి ఒక సంగతి వెంటనే తోస్తుంది. జెలటిన్ వెచ్చని నీటిలో మెత్తబడి పలకనుంచి ఊడివచ్చే పదార్థం. దానిని గట్టిపరచడానికి ఆనాటి ఛాయాగ్రాహకులు పటిక వాడేవారు, చల్లని నీటికోసం తంటాలు పడేవారు. ఆ వేడిలో, ఆ దుమ్ములో, వైస్రాయి ఎదుట, రెండవ అవకాశం లేని పనిలో అంత నిర్దుష్టమైన పలక తీయడం సామాన్య విషయం కాదు.

కాని పులి మీసం స్పష్టంగా ఉండటానికి ఆ నైపుణ్యం ఒక్కటే కారణమా? కాదు. ఆ పులి ఊపిరి తీయడం లేదు. కట్టడం కదలనట్టే అదీ కదలదు. దానిని కావలసిన వైపుకు తిప్పి, తలను ఎత్తిపెట్టి, వెలుతురు చూసుకుని బొమ్మ తీయవచ్చు. కెమెరాకన్నా ముందు తుపాకి ఆ జంతువును నిశ్చలం చేసింది. మా విద్యార్థిని మెచ్చుకున్న స్పష్టతకు చెల్లిన మూల్యం అది.

ఇందుకు దీన్ దయాళ్‌ను నిందించడం న్యాయమని మేము అనము. ఆయన కొలువు ఆ చిత్రాలనే కోరింది. ఆ కెమెరాను ముక్కాలిపీటపై నిలిపి బ్రతికిన పులి ఎదుట నిలబడగలవారు కూడా ఎవరూ ఉండరు. అయితే ఆ చిత్రాలను పరాక్రమానికి గుర్తులుగా చూపి ఊరుకోవడం మాకు సమ్మతం కాదు. డప్పులు కొట్టి పులిని తోలుకువచ్చిన గ్రామస్థుల పేర్లు ఏ చిత్రం కిందా కనబడవు.

ఇప్పుడు ఏనుగు వద్దకు వద్దాము. ఆనాటి దర్బారు జీవితంలో ఏనుగు లేని సందర్భం లేదు. మొహర్రం మాసపు లంగర్ ఊరేగింపులో, వేటలో, అతిథుల స్వాగతంలో ఏనుగులే. 1902 డిసెంబరు 29న ఢిల్లీ దర్బారుకు నాందిగా జరిగిన ఏనుగుల ఊరేగింపు జగత్ప్రసిద్ధం. దీన్ దయాళ్, ఆయన కుమారుల సంస్థ ఆ దర్బారును చిత్రించింది. ఆ కాలపు ఏనుగుల చిత్రాలను భూతద్దంతో చూస్తే ఒక విశేషం తరచుగా కనబడుతుంది. అంబారీ నగిషీ స్పష్టం, జరీ ఝూల అంచు స్పష్టం, మావటి ముఖం స్పష్టం. ఏనుగు చెవి అంచు మాత్రం మసక, లేదా తొండపు కొన, లేదా తోక.

ఏనుగు నిలబడి ఉన్నదని మనం అనుకుంటాము కాని అది ఎన్నడూ పూర్తిగా నిలబడదు. మొహర్రం పదవ రోజున దబీర్‌పురా నుంచి బయలుదేరే బీబీ కా ఆలం ఊరేగింపులో ఏనుగు బొమ్మ తీయ ప్రయత్నించిన వారందరికీ ఇది అనుభవమే. చెవుల నిండా రక్తనాళాలు ఉంటాయి. వాటిని విసురుతూ ఆ జంతువు ఒంటి వేడిని తగ్గించుకుంటుంది. కాళ్లు బరువును ఒకదానినుంచి మరొకదానికి మార్చుకుంటూనే ఉంటాయి. ఈ కదలికను పట్టుకోవడం తేలిక కాదని పాశ్చాత్యులూ గ్రహించారు. ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుస కెమెరాలతో జంతువుల నడకను చిత్రించి 1887లో 781 పలకల గ్రంథం వెలువరించినప్పుడు అందులో నడిచే ఏనుగు కూడా చోటు చేసుకున్నది.

చిన్న లెక్క వేసి చూద్దాము. ఏనుగు చెవి సెకనుకు ఒక మీటరు వేగంతో ఊగుతున్నదనుకోండి. కెమెరా కన్ను సెకనులో ఇరవై అయిదవ వంతు తెరచి ఉంటే ఆ చెవి నాలుగు సెంటీమీటర్లు జరుగుతుంది. అదే అయిదువందల వంతు అయితే రెండు మిల్లీమీటర్లు మాత్రమే. మొదటి చిత్రంలో మసక, రెండవదానిలో స్పష్టత. కనుక ఏనుగు ఎంత పెద్దదన్నది ప్రశ్న కాదు, అది ఎంత వేగంగా జరిగింది, మన కెమెరా ఎంతసేపు కన్ను తెరచింది అన్నదే ప్రశ్న. ఆ పాత చిత్రాలలో ప్రాణమున్నదని సాక్ష్యమిచ్చేది ఆ మసక అంచే అని మాకు తోస్తుంది.

దీన్ దయాళ్ జీవించిన చివరి రోజులలోనే ప్రపంచంలో మరొక ధోరణి మొదలయింది. 1891లో డాల్‌మేయర్ దూరదృశ్య కటకాన్ని తెచ్చాడు. 1906లో జార్జ్ షిరాస్ అనే అమెరికన్ రాత్రివేళ మెరుపు వెలుగులో తీసిన అడవి జంతువుల చిత్రాలు పత్రికలో ప్రకటితమయ్యాయి. ఇక మన దేశంలో ఎఫ్. డబ్ల్యూ. ఛాంపియన్ అనే అటవీ అధికారి జంతువులు నడిచే దారిలో సన్నని తీగ కట్టి, పులి కాలు తగలగానే తన బొమ్మను తానే తీసుకునేలా ఏర్పాటు చేశాడు. 1927లో వెలువడిన ఆయన గ్రంథం తుపాకిని కాక కెమెరాను పట్టుకుని అడవికి వెళ్లమని చాలామందికి దారి చూపింది. మద్రాసుకు చెందిన ఎం. కృష్ణన్ నలుపు తెలుపు చిత్రాలకే కట్టుబడి, పెంపుడు ఏనుగు వీపుపై కూర్చుని ముదుమలై అడవులలో అడవి ఏనుగులను చిత్రించారు. నిజాం అతిథులు ఎక్కిన వాహనమే అది. ఎక్కినవారి చేతిలోని వస్తువు మారింది.

దీన్ దయాళ్ ఆ మార్పును చూడలేదు. ఆయన కీర్తి అప్పటికే దేశాలు దాటింది. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శనలో ఆయన చిత్రాలకు పతకం లభించింది, 1896లో బొంబాయిలో స్టూడియో తెరిచారు. కుమారులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్ వృత్తిలో తోడయ్యారు. ఆ శతాబ్ది చివరి కరవు రోజులలో నిజాం ప్రభుత్వం చేపట్టిన సహాయ కార్యక్రమాలను కూడా ఆయన సంస్థ చిత్రించింది. జరీ అంగరఖాలను చిత్రించిన కెమెరా ఎముకలగూళ్ల వంటి మనుషులనూ అంతే శ్రద్ధగా చిత్రించడం గమనార్హం. 1905 జూలై 5న ఆయన మరణించారు. 1911లో మహబూబ్ అలీ పాషా కన్నుమూశాక ఆ వైభవమూ క్రమంగా తగ్గింది. గాజుపలకలను కుటుంబీకులు భద్రపరచారు. వాటిలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది. 2006లో భారత తపాలా శాఖ ఆయన స్మారకంగా బిళ్ల విడుదల చేసింది.

మళ్లీ మా విద్యార్థిని ఫోనులోని నాలుగు మసక ఆకారాల వద్దకు వస్తాము. చిత్తూరు మండలంలో రెండు శతాబ్దాలుగా కనబడని ఏనుగులు 1980ల తొలి సంవత్సరాలలో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి పలమనేరు, కుప్పం వైపు వచ్చి స్థిరపడ్డాయి. వాటి కోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 358 చదరపు కిలోమీటర్లు. ఏనుగుల మందకు అది విశాలమేమీ కాదు. అడవిలో నీరు, మేత తగ్గినప్పుడు అవి పొలాల మీదికి వస్తాయి. రైతు పంట పోగొట్టుకుంటాడు, ఒక్కొక్కప్పుడు ప్రాణమూ పోగొట్టుకుంటాడు. కరెంటు తీగలు తగిలి ఏనుగులూ చస్తున్నాయి. అక్కడ ఏనుగు ఎవరికీ అంబారీ మోయదు, ఎవరి మాటా వినదు.

ఆ అమ్మాయి చిత్రం మసకబారడానికి కారణాలు మూడు. సంజవేళ వెలుతురు చాలక ఫోను తన కన్నును ఎక్కువసేపు తెరచింది. దూరాన్ని దగ్గర చేయడానికి ఆమె వేళ్లతో పెద్దది చేసినప్పుడు ఫోను కొత్తగా చూసినదేమీ లేదు, ఉన్నదాన్నే సాగదీసింది. భయంతో చేయి వణికింది. ఈ మూడింటిలో దేనికీ దగ్గరకు వెళ్లడం మందు కాదు. నడిచే ఏనుగుకు సెకనులో అయిదువందల వంతు వేగం పెట్టుకోవాలి. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ పెంచుకోవాలి, చిత్రంలో కొంత గరుకుతనం వచ్చినా ఫరవాలేదు. అటవీ శాఖవారు అనుమతించిన చోట జీపులోనే ఉండి, ఇసుకో బియ్యమో నింపిన చిన్న గుడ్డసంచి మీద కెమెరాను ఆనించాలి. ఏనుగు కన్ను చిన్నది, నల్లని చర్మంలో లోతుగా ఉంటుంది. కెమెరా దానిని వదలి దంతాన్నో ముందున్న గడ్డిపోచనో పట్టుకుంటుంది. కనుక స్పష్టత ఎక్కడ కావాలో మనమే కంటి మీద నిలపాలి. మిట్టమధ్యాహ్నం పొడుగు కటకం వాడితే వేడిగాలి ఊగిసలాటకు ఎంత మంచి కెమెరా అయినా చెదురుతుంది. తెల్లవారుజామున తీయడం మేలు. మెరుపుదీపం ఏనుగు ముఖంమీద వేయరాదు. ఫోను పట్టుకుని ఏనుగు ముందుకు పోయి తిరిగిరాని యువకుల వార్తలు మనం పత్రికలలో చదువుతూనే ఉన్నాము.

ఇదంతా ఆమెకు చెప్పినప్పుడు ఆమె వెంటనే ఒప్పుకోలేదు. జీపూ, పొడుగు కటకమూ ఉన్నవారికే మంచి బొమ్మ దక్కుతుందా అని అడిగింది. నిజమే, పొడుగు కటకం ధర మా నెల జీతంకన్నా ఎక్కువ. దీన్ దయాళ్ వెనుకా నిజాం ఖజానా ఉన్నది. ఈ అడ్డుకు మా వద్ద సమాధానం లేదు. ప్రస్తుతానికి పంజాగుట్టకు దగ్గరలోనే ఉన్న కాసు బ్రహ్మానందరెడ్డి పార్కులో నెమళ్లు ఉన్నాయని, ఉదయం ఆరు గంటలకు గేటు వద్ద ఉంటే వాటి కంటిని స్పష్టంగా పట్టడం అభ్యసించవచ్చునని మాత్రం చెప్పగలిగాము. ఆమె, మరి ఇద్దరు అమ్మాయిలు కొన్ని ఆదివారాలుగా వెళుతున్నారు. మొదటి వారం అంతా తోకలే వచ్చాయి.

ప్రదర్శన చివరి రోజున ఒక చిన్న వివాదం వచ్చింది. పులి చిత్రాన్ని తీసివేయాలని కొందరు, చరిత్రను దాచరాదని మరికొందరు. చర్చ తేలలేదు. చివరకు ఆ అమ్మాయి తన ఫోనులోని చిత్రాన్ని అమీర్‌పేటలోని ఒక దుకాణంలో ముద్రింపించి తెచ్చింది. చిత్రం కింద తారీఖు, మామూ ఊరి పేరు ఉర్దూలోనూ తెలుగులోనూ వ్రాసింది. దానిని పులి పక్కనే తగిలించాము. గ్రంథాలయపు గోడ మీద ఆ రెండూ ఇప్పటికీ ఉన్నాయి. మసకలో కుడివైపున ఉన్నది పిల్ల ఏనుగు అని ఆమె అంటుంది. మాకు ఇంకా కనబడలేదు.